నడుం నరం నొక్కుకుంటే... కత్తికి ముందు ఆరు వారాలు

ఎరువు బస్తా ఎత్తి భుజాన వేసుకునే వేళ నడుంలో కలుక్కుమంటుంది. ఆ పూటకు ఎలాగో పని గడుస్తుంది. తెల్లారి మంచం దిగబోతే కాలు కింద పెట్టనివ్వదు. పిరుదు దగ్గర పుట్టిన నొప్పి తొడ వెనక నుంచి పిక్క మీదుగా పాదం దాకా కరెంటు తీగ తగిలినట్టు జివ్వున లాగుతుంది. దగ్గినా, తుమ్మినా, దొడ్డికి కూర్చుని ముక్కినా ప్రాణం పోయినంత పనవుతుంది.

సరిగ్గా నాట్ల వేళో, పత్తి తీతల వేళో ఇంటి మనిషి ఇలా పడిపోతే రెండెకరాల రైతు సంగతేమిటో వేరే చెప్పనక్కర్లేదు. సొంత చాకిరీ పోయి కూలీ ఖర్చు నెత్తిన పడుతుంది. దానికి వైద్యం ఖర్చు తోడు. పట్నం వెళ్లి స్కాన్ తీయిస్తే ‘డిస్కు జారింది, నరం నొక్కుకుంది’ అని కాగితం చేతికొస్తుంది. ఆ మాట వినగానే ఆపరేషన్ తప్పదేమోనని అప్పు కోసం తిరగడం మొదలవుతుంది.

ఊళ్లో సలహాలకు కూడా కొదవ ఉండదు. ఎదురుకాళ్లతో పుట్టినవాడి చేత తన్నించుకోమని ఒకరు, నడుం మీద వాత పెట్టించుకోమని ఒకరు. ఆపరేషన్ చేయిస్తే మర్నాడే లేచి తిరగొచ్చని ఒకరంటే, కత్తి పెడితే కాళ్లు రెండూ పడిపోతాయని మరొకరు బెదరగొడతారు. ఈ నలుగురి మాటా పట్టుకుని నడిచేది కాదు.

వైద్యులు ఇన్నేళ్ల అనుభవంలో తేల్చింది ఒకటుంది. నరం నొక్కుకుని కాలికి పాకిన నొప్పి ఎక్కువ మందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో కత్తి లేకుండానే తగ్గుముఖం పడుతుంది. కొద్దిమందిలో మాత్రం ఒక్క రోజు కూడా ఆగడానికి వీల్లేదు. తాను ఏ కోవలో ఉన్నాడో రైతుకు తెలిస్తే అక్కర్లేని అప్పు తప్పుతుంది, అవసరమైన చోట కాలూ దక్కుతుంది.

ముంజె నలిగినట్టు

నడుం భాగంలో అయిదు వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తలా ఉండేదే డిస్కు. బయట ట్యూబు మీద టైరు మాదిరి గట్టి పొరల చుట్టు, లోపల తాటి ముంజెలాంటి మెత్తటి గుజ్జు. బరువు ఎత్తినప్పుడు, వంగినప్పుడు ఆ గుజ్జు నలిగి బయటి పొరల మీద ఒత్తుతుంది. వయసుతో, ఏళ్ల తరబడి చాకిరీతో ఆ పొరలు బీటలు వారి ఉంటాయి. ఓ రోజు వంగి, పక్కకు తిరిగి, బరువు లేపేసరికి బీటలోంచి గుజ్జు వెనక్కి తన్నుకొస్తుంది.

ఆ వెనకే నరాలు ఉంటాయి. మెదడు నుంచి దిగే వెన్నుపాము నడుం పైభాగంలోనే ముగిసిపోతుంది. అక్కణ్నుంచి కిందకు గుర్రం తోక వెంట్రుకల్లా నరాల పోగులు దిగి, ఒక్కో పూస దగ్గర కుడికొకటి ఎడమకొకటి బయటకు వస్తాయి. వాటిలో కింది పోగులు కొన్ని కలిసి బొటనవేలంత లావు నరమై పిరుదు వెనక నుంచి కాలిలోకి దిగుతాయి. డాక్టర్లు ‘సయాటికా’ అనేది ఈ నరం దారిలో పాకే నొప్పినే. నొప్పి కాల్లో ఉన్నా మూలం నడుంలో ఉంటుంది. అందుకే పిక్కకు ఎంత మందు రాసినా గుణం కనిపించదు. బరువంతా మోసేవి అడుగున ఉన్న రెండు డిస్కులు కాబట్టి ఎక్కువగా చెడేవీ అవే.

జారిన డిస్కు వల్ల ఈ నొప్పి వస్తుందని 1934లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ లోకానికి చాటారు. అప్పటి నుంచే ఈ ఆపరేషన్లు పెరిగాయి. తర్వాత తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. నొప్పికి ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. బయటకొచ్చిన గుజ్జు తగిలి నరం మంటెక్కి వాస్తుంది. వాపు తీస్తే, డిస్కు అలాగే ఉన్నా నొప్పి దిగుతుంది. పైగా బయటకొచ్చిన ముక్కను ఒళ్లు పరాయి వస్తువుగా చూసి నెలల మీద కరిగించేస్తుంది. చిత్రం ఏమిటంటే, చిన్న ఉబ్బు కంటే పూర్తిగా తెగి బయటపడిన పెద్ద ముక్కే ఎక్కువగా కరుగుతుంది. స్కాన్‌లో పెద్ద ముక్క కనబడిందని గుండెలు బాదుకోనక్కర్లేదన్నమాట.

‘డిస్కు జారింది’ అన్న మాటే కొంప ముంచుతోంది. జారిన పలకను తన్ని మళ్లీ లోపలికి నెట్టవచ్చని జనం అనుకుంటారు. బయటకొచ్చిన గుజ్జు తంతే లోపలికి పోదు. తన్నించుకున్నందుకు ఉన్న ముక్క ఇంకాస్త బయటకు రావచ్చు. ఎముకలు డొల్లబారిన పెద్దవాళ్లకైతే పూస విరగవచ్చు కూడా.

ఏ నరమో కాలే చెబుతుంది

నడుం నొప్పులన్నీ నరం నొప్పులు కావు. రోజంతా కలుపు తీసి వచ్చాక నడుం అడ్డంగా పట్టేసినట్టు ఉంటే అది చాలావరకు కండరాల నొప్పి, నాలుగు రోజుల్లో పోతుంది. నరం నొక్కుకుంటే నడుం కంటే కాలే ఎక్కువ బాధపెడుతుంది. నొప్పి మోకాలు దాటి కిందకు దిగుతుంది. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండడం తోడవుతాయి.

పిక్క బయటి పక్క నుంచి పాదం పైభాగం మీదుగా బొటనవేలికి పాకితే ఒక నరం. పిక్క వెనక నుంచి అరికాలు, చిటికెన వేలి వైపు దిగితే దాని కింది నరం. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలిని ఇంకొకరి చేత మెల్లగా పైకి ఎత్తించి చూడండి. సగం లేపేసరికే మోకాలి కిందికి జివ్వున లాగితే నరం నొక్కుకున్నట్టే అనుమానించాలి. తర్వాత మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు నడిచి చూడాలి. ఒక కాలు మడమ మీద నిలవలేకపోయినా, మునివేళ్ల మీద లేవలేకపోయినా ఆ కాల్లో బలం తగ్గుతోందని అర్థం. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. నొప్పి ఉన్నన్నాళ్లూ రోజూ చేసుకోవాలి.

అరవై దాటినవాళ్ల తీరు వేరు. కాస్త దూరం నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి లాగేస్తాయి. గట్టు మీద కూర్చున్నా, ముందుకు వంగినా హాయిగా ఉంటుంది. సైకిలు నెట్టుకుంటూ అయితే ఎంత దూరమైనా నడవగలరు. వీరికి నరాలు దిగే దారి వయసుతో ఇరుకైందని అనుకోవాలి. కింద చెప్పబోయే కసరత్తు వీరికి నప్పదు, ఆ తేడా గుర్తుంచుకోండి.

షుగర్ ఉన్నవాళ్లకు రెండు పాదాలూ ఒక్కటిగా తిమ్మిరెక్కి మంటలు పుడితే అది నడుం నరం పని కాకపోవచ్చు. ముందు రక్తపరీక్ష చేయించాలి. బుట్టలు, మూటలు నెత్తిన మోసేవాళ్లకు మెడలో నరం నొక్కుకుంటే నొప్పి భుజం మీదుగా చేతి వేళ్లకు దిగుతుంది. అదీ చాలామందిలో ఆపరేషన్ లేకుండానే కుదుటపడుతుంది. మెడనొప్పితో పాటు నడక తూలుతున్నా, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నా వెన్నుపామే నొక్కుకుంటోందని అనుమానించి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఆగకూడని వేళ

వైద్యం సంగతి చెప్పబోయే ముందు ఇది చదవండి. ఇంట్లో చదువురానివాళ్లు ఉంటే చదివి వినిపించండి.

మూత్రం వస్తున్నట్టుండీ రాకపోయినా, తెలియకుండానే కారిపోతున్నా, దొడ్డికి అయ్యే సంగతి తెలియకపోయినా, సైకిలు సీటు తగిలే చోటంతా మొద్దుబారినా గుర్రం తోక నరాలు మొత్తం నలుగుతున్నాయని అర్థం. ఇక్కడ ఆరు వారాల మాటే లేదు, తెల్లారేదాకా ఆగడం కూడా లేదు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేరాలి. గంటల్లో ఆపరేషన్ జరిగితే నరాలు కోలుకునే వీలుంటుంది. రోజులు గడిస్తే మూత్రం గొట్టంతోనే జీవితం వెళ్లదీయాల్సి రావచ్చు. ఆడవాళ్లు ఈ మాట ఇంట్లో మగవాళ్లకు చెప్పడానికి సిగ్గుపడి దాచుకుంటారు. అత్తకో, కూతురికో అయినా చెప్పి తీరాలి.

నడుస్తుంటే పాదం కిందికి వేలాడిపోయి గట్ల మీద వేళ్లు తగులుతున్నా, హవాయి చెప్పు తెలియకుండా జారిపోతున్నా కాలి బలం పోతోందన్నమాట. నొప్పి తగ్గి బలం కూడా తగ్గితే నయమైందని సంబరపడకండి. నరం చచ్చుబడుతున్నప్పుడు కూడా నొప్పి తగ్గుతుంది. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

రాత్రిళ్లు పడుకున్నా వదలని నొప్పి, సాయంత్రం జ్వరం, ఒళ్లు తగ్గిపోవడం ఉంటే వెన్ను టీబీని అనుమానించాలి. ఎముకల్లో టీబీ ఎక్కువగా పట్టేది వెన్నుపూసకే. సకాలంలో పట్టుకుంటే చాలావరకు మందులతోనే నయమవుతుంది. ప్రభుత్వాసుపత్రిలో ఆ మందులు ఉచితం. తాడి చెట్టు మీంచో, బండి మీంచో పడ్డాక వచ్చిన నొప్పి, ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్ల నడుం నొప్పి కూడా ఇంటి వైద్యంతో తగ్గేవి కావు.

ఇవేవీ లేవు, కాలు జివ్వున లాగడమే బాధ అంటారా, అయితే కింద చెప్పే దారి మీదే.

మంచం దిగాలి

మా చిన్నప్పుడు నడుం పట్టిందంటే నెల రోజులు బల్ల మీద పడుకోబెట్టేవారు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును రెండు వారాలు మంచం మీద ఉంచారు, రెండో జట్టును చేతనైనంతలో తిరగమన్నారు. పన్నెండు వారాలు తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 87 మందికి నయమనిపించింది. 1999లో వెలువడ్డ ఈ ఫలితంతో మంచం వైద్యానికి కాలం చెల్లింది. రెండు వారాలు పడుకున్నందుకు ఒరిగిందేమీ లేదు. పైగా కండలు కరిగి, లేచాక పని చేయడం కష్టమవుతుంది.

మొదటి రెండు మూడు రోజులు నొప్పి మరీ తీవ్రంగా ఉంటే పడుకోవచ్చు. కుంగిన నులకమంచం వద్దు, చాప మీదో చెక్క మంచం మీదో పడుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే, లేదా నేల మీద పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టుకుంటే నరం మీద లాగుడు తగ్గుతుంది. పక్కకు తిరిగితే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. లేచేటప్పుడు పక్కకు ఒరిగి, కాళ్లు కిందికి దించి, చేతి మీద బలం వేసి లేవాలి. వేడి నీళ్ల కాపడం కండరాల బిగుతుకు హాయినిస్తుంది. తిమ్మిరెక్కిన చోట వేడి తెలియదు కాబట్టి అక్కడ కాపకండి, బొబ్బలెక్కుతాయి. దొడ్డికి ముక్కాల్సిన పని లేకుండా నీళ్లు, ఆకుకూరలు, పళ్లు తీసుకోవాలి.

నాలుగో రోజు నుంచి గంటకోసారి లేచి ఇంటి ముందు అయిదు నిమిషాలు నడవాలి. నడుస్తుంటే కాస్త నొప్పి ఉంటుంది. ఆ నొప్పి వల్ల నరం తెగిపోదు. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ వారంలో చేను గట్టు దాకా వెళ్లి చూసి రావచ్చు. చూసి రావడమే, పార పట్టడం కాదు.

న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు నేర్పింది

న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు ఉండేవారు. 1956లో ఆయన దగ్గరికి మూడు వారాలుగా కాలి నొప్పి తగ్గని రోగి ఒకాయన వచ్చాడు. బల్ల మీద బోర్లా పడుకోమని చెప్పి మెకెంజీ ఇంకో పని మీద వెళ్లాడు. అంతకుముందు రోగి కోసం ఆ బల్లకు ఒక కొస పైకి ఎత్తి ఉంది. ఈ రోగి చెప్పినట్టే బోర్లా పడుకోవడంతో నడుం వెనక్కి విల్లులా వంగింది. కాసేపటికి మెకెంజీ తిరిగొచ్చి చూసి కంగారుపడ్డాడు. రోగి మాత్రం మూడు వారాల్లో ఇంత సుఖంగా ఎప్పుడూ లేదన్నాడు. కాల్లో నొప్పి పోయి నడుంలో మాత్రమే మిగిలింది. దాన్నుంచి పుట్టిన కసరత్తు పద్ధతి ఇప్పుడు దేశదేశాల్లో వాడుకలో ఉంది. మన భుజంగాసనానికి దగ్గరగా ఉంటుంది.

చేసే తీరు ఇది. చాప మీద బోర్లా పడుకుని, తల ఒక పక్కకు తిప్పి అయిదు నిమిషాలు ఊరికే ఉండాలి. అది పడితే మోచేతుల మీద ఛాతీ లేపి రెండు మూడు నిమిషాలు ఉండాలి. అదీ పడితే అరచేతులు నేలకు ఆనించి, నడుం కింది భాగం నేలకే వదిలేసి, ఛాతీని మెల్లగా పైకి లేపి దించాలి. పది సార్లు. రోజులో నాలుగైదు విడతలు.

గుర్తు పెట్టుకోవాల్సిన కిటుకు ఒకటే. నొప్పి పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుంకు వెనక్కి మళ్లుతుంటే దారి సరైనదే. నడుంలో నొప్పి కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. అదే నొప్పి ఇంకా కిందికి పాకినా, తిమ్మిరి పెరిగినా వెంటనే ఆపేయాలి. ఆ మనిషికి ఈ కసరత్తు నప్పలేదన్నమాట. నడిస్తే కాళ్లు బరువెక్కే పెద్దవాళ్లకు వెనక్కి వంగడం పడదు. వాళ్లకు వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్టకు ఆనించుకోవడమే సుఖం. ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టు దగ్గర చేసి చూపించుకుని, తర్వాత ఇంట్లో చేసుకోవడం మేలు. జిల్లా ఆసుపత్రుల్లో ఈ విభాగం ఉంటుంది. కరెంటు పెట్టెలు పెట్టించుకుని రావడం కంటే కసరత్తు నేర్చుకుని రావడమే లాభం.

సూదులు, బిళ్లలు, ఒక రాబందు కథ

ఆయుర్వేదంలో ఈ జబ్బు పేరు గృధ్రసి. గృధ్రమంటే రాబందు. నొప్పితో కాలు ఈడ్చే మనిషి నడక రాబందు నడకలా ఉంటుందని ఆ పేరు వచ్చిందంటారు.

నడుం నొప్పికి మన ఊళ్లలో ఎక్కువగా పొడిచే సూది డైక్లోఫెనాక్. ఇదే మందును పశువులకూ వాడేవారు. ఆ పశువులు చచ్చాక కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా నేలరాలాయి. ఊరి చివర కళేబరం పడితే గంటలో వాలిపోయే రాబందులు 1990లలో ఎటు పోయాయో తెలియక జనం ఆశ్చర్యపోయారు. కారణం ఈ మందేనని 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు. 2006లో మన దేశంలో పశువైద్యంలో దీన్ని నిషేధించారు. మనుషుల సూదిమందు పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో వాటినీ ఆపి, ఒక్క మోతాదు 3 మిల్లీలీటర్లకే పరిమితం చేశారు.

మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు. కానీ ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగక, పైనుంచి వారాల తరబడి నొప్పి బిళ్లలు మింగితే మన కిడ్నీలూ దెబ్బతింటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల రైతులు ఈ సంగతి ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. బీపీ, గుండె జబ్బు, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ఈ బిళ్లలు ముట్టుకోరాదు. మిగతావాళ్లు కూడా తిండి తిన్నాకే, తక్కువ మోతాదులో, కొద్ది రోజులే వాడాలి. పేర్లు వేరైనా మందు ఒకటే అయిన రెండు రకాలు కలిపి మింగేవాళ్లు ఉన్నారు. బిళ్ల అట్ట తీసుకెళ్లి మందుల షాపులో చూపించి అడగండి.

నొప్పి సూదితో పాటు స్టెరాయిడ్ కలిపి పొడిచే అలవాటు కూడా ఉంది. రెండు రోజులు దివ్యంగా ఉంటుంది. మాటిమాటికీ వేయించుకుంటే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. పేరూ లేబులూ లేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. పొట్లం వేసుకోగానే గంటలో నొప్పి మాయమైతే సంతోషించడం కాదు, అనుమానించాలి.

నరాల బిళ్ల పేరిట రాసే ప్రెగాబలిన్ సంగతి కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగుల మీద పరీక్షించి, ఉత్తుత్తి బిళ్ల కంటే ఇది మెరుగేమీ కాదని 2017లో తేల్చారు. కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది. బావి గట్ల మీద, ట్రాక్టరు మీద తిరిగే మనిషికి కళ్లు తిరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. డాక్టరు రాసి ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి మానకూడదు. ఆయన్నే అడిగి తగ్గించుకోవాలి.

నూనె మర్దన, కాపడం కండరాలకు సుఖమే. గట్టిగా తొక్కించుకోవడం, నడుం టక్కున విరిపించుకోవడం వద్దు. సాగదీసే బరువుల వైద్యం వల్ల పెద్దగా ఉపయోగం లేదని పరిశీలనల్లో తేలింది. బెల్టు ప్రయాణంలోనో తప్పని పనిలోనో కొద్ది రోజులు పెట్టుకోవచ్చు గానీ, నరం మీది ఒత్తిడిని బెల్టు తీయలేదు.

వారాలు గడిచినా నిద్రపట్టనివ్వని నొప్పి ఉంటే, ఎక్స్‌రే తెర మీద చూస్తూ నరం పక్కన స్టెరాయిడ్ సూది వేసే పద్ధతి ఉంది. కొందరికి కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, ఆలోగా ఒళ్లు తన పని తాను చేసుకుపోతుంది. శాశ్వత వైద్యమని మాత్రం నమ్మకండి. ఇది ఆపరేషన్ గదిలో, ఆ పని నేర్చిన డాక్టరు చేయాల్సిన సూది. ఆర్‌ఎంపీ సంచిలో ఉండేది కాదు. షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి.

స్కాన్ కాగితం చూసి బెంబేలు

మొదటి వారంలోనే ఎమ్మారై స్కాన్‌కు వేలు పోయడం చాలామందికి దండగ. అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి స్కాన్ తీసి చూసి 1994లో ఫలితం ప్రకటించారు. వారిలో సగం మందికి పైగా డిస్కు ఉబ్బి కనిపించింది. నాలుగో వంతుకు పైగా మందిలో డిస్కు ఒకచోట పొడుచుకొచ్చి ఉంది. అన్ని డిస్కులూ బాగున్నవాళ్లు నూటికి 36 మందే. అంటే నలభై దాటిన రైతు ఎవరికి స్కాన్ తీసినా ఏదో ఒకటి రాస్తారు. తల నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. కాలి నొప్పి ఏ నరం దారిలో ఉందో స్కాన్‌లో అదే నరం నొక్కుకున్నట్టు కనబడితేనే ఆ కాగితానికి విలువ. పైన చెప్పిన ప్రమాద గుర్తులు ఉన్నప్పుడు, ఆరు వారాలైనా తగ్గనప్పుడు, సూదో ఆపరేషనో ఆలోచిస్తున్నప్పుడు స్కాన్ అవసరం. అప్పుడు వెనకాడకూడదు.

ఆపరేషన్ ఎవరికి?

ఆపరేషన్ చెడ్డదని ఈ వ్యాసం చెప్పడం లేదు. నెదర్లాండ్స్‌లోనే ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుతున్న 283 మందిని తీసుకుని, సగం మందికి త్వరగా ఆపరేషన్ చేయించారు, సగం మందిని మందులు, కసరత్తుతో ఆగమన్నారు. ఆగినవాళ్లలో నూటికి 39 మంది నొప్పి భరించలేక తర్వాత ఆపరేషన్ చేయించుకున్నారు. మిగతా 61 మందికి ఆ అవసరమే రాలేదు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. తేడా అల్లా వేగంలోనే. కత్తి పడినవాళ్లకు కాలి నొప్పి త్వరగా పోయింది. 2007లో వెలువడ్డ లెక్క ఇది.

చిన్న రైతుకు ఆ వేగం కూడా విలువైనదే, కాదనలేం. ఆరు వారాలు, రెండు నెలలు అన్నీ చేసి చూశాక కూడా కాలు నిలవనివ్వకపోతే, నిద్ర లేకపోతే, స్కాన్ కూడా అదే చెబితే ఆపరేషన్‌కు వెళ్లడం తప్పు కాదు. కాళ్లు పడిపోతాయన్న భయంతో ఏళ్ల తరబడి బిళ్లలు మింగుతూ కూర్చోవడం అంతకంటే నష్టం. కానీ రెండో వారంలోనే, కార్డు మీద ఉచితంగా అవుతుందని తొందరపడకండి. ఆపరేషన్ ఉచితమైనా ఆ తర్వాత వారాల తరబడి బరువు ఎత్తకూడదు. ఆ పని దినాలు ఎవరూ తిరిగివ్వరు. వీలైతే మరో డాక్టరుకు కూడా చూపించండి. ‘నా కాలి బలం తగ్గిందా? ఇంకో నాలుగు వారాలు ఆగితే నష్టమేమిటి?’ అని ఈ రెండు ప్రశ్నలూ సూటిగా అడగండి.

మళ్లీ చేలోకి

నొప్పి తగ్గినా తిమ్మిరి కొన్ని నెలలు ఉండవచ్చు. నరం మెల్లగా కోలుకునే వస్తువు. తిమ్మిరి మిగిలిందని భయపడొద్దు, పెరుగుతుంటేనే చూపించుకోవాలి. బీడీ, చుట్ట తాగేవాళ్ల డిస్కులు త్వరగా చెడతాయి.

పనికి వెళ్లాక మొదటి నెల బరువుల జోలికి పోకూడదు. ఒక మగ కూలీ మోసే బరువు 55 కిలోలు దాటితే దాన్ని తగ్గించే ఏర్పాటు చేయాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, డీఏపీ 50. కోస్తాలో ధాన్యం బస్తా 75 కిలోలు, దాన్ని ఒక్కడే వీపున వేసుకుని లారీ ఎక్కే అలవాటు ఇంకా పోలేదు. ఇద్దరు పట్టాలి, లేదా రెండు సంచులు చేయాలి. నేల మీది బస్తాను మోకాళ్లు వంచి, ఒంటికి ఆనించుకుని లేపాలి. లేపుతూ నడుం తిప్పరాదు, తిరగాలంటే పాదాలే తిప్పాలి. ట్రాక్టరు మీద రెండు గంటలు కుదుపుకుంటూ వచ్చి దిగీ దిగగానే బస్తాలు దించకండి. పది నిమిషాలు అటూ ఇటూ నడిచాక మొదలుపెట్టండి.

నాట్లు, కలుపు పనుల్లో రోజంతా వంగి ఉండేది ఆడవాళ్లే. నడుం నొప్పి వైద్యం గురించి రాసేటప్పుడు మాత్రం వాళ్లను ఎవరూ తలవరు. అరగంటకోసారి లేచి, రెండు చేతులూ నడుంకు ఆనించి అయిదారు సార్లు వెనక్కి వంగితే డిస్కుల మీద ఒత్తిడి మళ్లుతుంది. మేస్త్రీ ఆ అర నిమిషానికి కసురుకోకూడదు. వరసల్లో నాటిన, లేదా డ్రమ్ సీడర్‌తో విత్తిన పొలంలో కోనోవీడర్ నిలబడి నెట్టవచ్చు, వంగాల్సిన పని తగ్గుతుంది.

మందు కొట్టే చేతి పంపు 16 లీటర్లది. నీళ్లే 16 కిలోలు, డబ్బా బరువు అదనం. నరం నొప్పి వచ్చి తగ్గినవాళ్లు సగమే నింపుకోవాలి. నేల మీంచి వీపుకు ఎత్తుకోవడం మానేసి, డబ్బాను నడుం ఎత్తు అరుగు మీదో బండి మీదో పెట్టి, వెనక్కి తిరిగి నిలబడి రెండు పట్టీలూ భుజాలకు తగిలించుకోవాలి. దించేటప్పుడూ అంతే, అదే అరుగు మీదికి.